బీజకణాల పుట్టుక గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. అండాశయంతో, వృషణంతో మొదలుపెట్టావు. చాలామంది చేసేది అదే, అసలు ఆశ్చర్యం జారిపోయేదీ అక్కడే. అండంగానో శుక్రకణంగానో మారే బీజకణాలు అక్కడ పుట్టవు. మనిషి పిండంలో నాలుగో వారానికల్లా అవి పిండానికి అంటుకుని ఉండే సొనసంచి గోడలో కనిపిస్తాయి. అప్పటికి అండాశయమూ లేదు, వృషణమూ లేదు. అక్కడి నుంచి వెనుకపేగు గోడలోకి, దాన్ని పట్టి ఉంచే పొరలోకి పాకుతూ, ఐదారు వారాల నాటికి బీజకోశాలు, అంటే అండాశయమో వృషణమో, ఏర్పడబోయే చోటికి చేరతాయి. వ్యాసం ఈ ప్రయాణంతో మొదలుపెట్టు.

‘కణాలు తమ గమ్యాన్ని వెతుక్కుంటాయి’ అన్నావు. వినడానికి బాగుంది, కానీ ఏం జరుగుతుందో చెప్పదు. దారిలోని కణాలు స్టెమ్ సెల్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. బీజకణం పైపొర మీదున్న కిట్ అనే గ్రాహకం దాన్ని అందుకుంటుంది. అది అందకపోతే ఆ కణం బతకలేదు. దారి తప్పినవి చాలావరకు చనిపోతాయి. ఛాతీ మధ్యలో, తోకఎముక దగ్గర అరుదుగా కనిపించే బీజకణ కణితులు అలా తప్పిపోయి మిగిలిన కణాల వల్లే వస్తాయని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇంత గట్టి విషయం చేతిలో ఉండగా అలంకారం ఎందుకు?

‘మనం అమ్మమ్మ కడుపులోనే ఉన్నాం’ అన్న వాక్యం నీకు చాలా ఇష్టమని తెలుస్తోంది. అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉండగానే మన అండానికి మూలమైన కణం ఆమెలో ఏర్పడిందని దాని భావం. అందులో నిజం సగమే. ఆడ పిండంలో ఐదో నెలకు 60, 70 లక్షల బీజకణాలుంటాయి, పుట్టేనాటికి మిగిలేవి 10 నుంచి 20 లక్షలు. వాటిలో క్షయకరణ విభజన, అంటే క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించే విభజన, మొదలై మధ్యలోనే ఆగిపోతుంది. అండం విడుదలయ్యే వేళకు, అంటే ఒక్కోసారి 40 ఏళ్ల తర్వాత, మళ్లీ కదులుతుంది. శుక్రకణం చేరితేనే పూర్తవుతుంది. అమ్మమ్మ కడుపులో ఉన్నది ఆగిపోయిన కణం. ఏ క్రోమోజోములు అండంలో మిగలాలో అప్పటికింకా తేలలేదు. ఆ నిరీక్షణ గురించి రాయి. మగపిల్లల్లో ఈ విభజన యుక్తవయసులోనే మొదలవుతుందని ఒక్క మాట చెప్తే చాలు.

శరీర కణాల నుంచి బీజకణాలు మొదటి నుంచీ వేరని అన్ని జీవులకూ కలిపి రాయకు. పండుఈగలో గుడ్డు వెనుక కొసనున్న పదార్థమే వాటిని నిర్ణయిస్తుంది. చిట్టెలుకలో మాత్రం పక్క కణజాలం పంపే బీఎంపీ4 అనే ప్రోటీన్ సంకేతం కావాలి. పిండానికి ఏడో రోజు దాటాక కూడా దాని బీజకణాలు 40 దాకానే ఉంటాయి. ఈ తేడాకు ఒక పేరా కేటాయించి, తిరగరాసి పంపు.