ఆషాఢంలోనూ ఈఎంఐ కట్టాలి కదా!

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. ఇంటి దగ్గరే డిజైనింగ్ చేస్తాను. ఫ్లెక్సీలు, శుభలేఖలు, కారం ప్యాకెట్ల పని ఎక్కువ. పెళ్లిళ్ల సీజన్‌లో నెలకు 60 వేలు వస్తాయి. ఆషాఢంలోనో మూఢంలోనో 15 వేలు దాటడం కష్టం. ఇంటి ఖర్చు 25 వేలు. పదేళ్ల నాటి కంప్యూటర్, 8 జీబీ ర్యామ్. పెద్ద ఫ్లెక్సీ తెరిస్తే బిగుసుకుపోతోంది. కొత్తది నేనే అసెంబుల్ చేసుకుందామని షాపులో విడిభాగాల ధరలు అడిగితే 1,72,000 కొటేషన్ ఇచ్చారు. దాచుకున్నది 1,80,000 ఉంది. అది పెట్టేయనా, నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోనా, మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టనా? - ఒక పాఠకుడు

జవాబు: కంప్యూటర్ కొనాల్సిందే. పాతదానికి ర్యామ్ పెంచి నెట్టుకురావచ్చేమో అనిపిస్తుంది గానీ, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరుతో ఆగిపోయింది. పదేళ్ల నాటి మిషన్లు విండోస్ 11కి అర్హం కావు. అయితే మీరు పంపిన కొటేషన్ గేములు ఆడేవాళ్ల కోసం వేసినట్టుంది. గ్రాఫిక్స్ కార్డుకి 52 వేలు, లైట్లు వెలిగే క్యాబినెట్‌కి, లిక్విడ్ కూలర్‌కి 18 వేలు పెట్టి, మీ అసలు పనికి కావాల్సిన ర్యామ్ 16 జీబీతో, మానిటర్ 9 వేలతో సరిపెట్టారు.

మీ మిషన్ ఎందుకు బిగుసుకుపోతోందో లెక్క వేద్దాం. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 72 పిక్సెళ్ల రిజల్యూషన్‌లో పెడితే 17,280 x 8,640 పిక్సెళ్లు. నాలుగు రంగుల ప్రింటింగ్ మోడ్‌లో నిండుగా ఉన్న ఒక్క లేయరే (ఒకదాని మీద ఒకటి పేర్చే పొర) దాదాపు 600 ఎంబీ. నాయకుడి ఫొటో, చుట్టూ పాతికమంది అభిమానుల ఫొటోలు, వెనక బ్యాక్‌గ్రౌండ్... లేయర్లు ఎన్నవుతాయో నాకంటే మీకే బాగా తెలుసు. ఇవన్నీ ఒకేసారి తెరిచి ఉంచాలంటే కావాల్సింది ర్యామ్. 16 జీబీవి రెండు, మొత్తం 32 పెట్టించండి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, నిజమే. అయినా మీ విషయంలో దీని మీద పిసినారితనం వద్దు.

కోరెల్‌డ్రా, ఫొటోషాప్ పనిలో చాలా భాగానికి ప్రాసెసర్‌లో ఎక్కువ కోర్ల (లెక్కలు చేసే భాగాల) కంటే ఒక్కో కోర్ వేగమే ముఖ్యం. కాబట్టి ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ బదులు ఐ5 చాలు. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నది మాత్రం తీసుకోకండి. అందులో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా తెర మీద బొమ్మే రాదు. ఎఫ్ లేనిది తీసుకుంటే గ్రాఫిక్స్ కార్డుని ప్రస్తుతానికి పక్కన పెట్టేయొచ్చు. వీడియో ఎడిటింగో త్రీడీ పనో వచ్చి, దాని మీద డబ్బులు కళ్లజూశాక కొనుక్కుందురు. అందుకే పవర్ సప్లై మాత్రం ఇప్పుడే 650 వాట్లది, మంచి కంపెనీది వేయించండి.

మానిటర్ మీద ఇంకో 11 వేలు ఎక్కువ పెట్టమంటాను. ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని తెర), ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు ప్రామాణికంగా పెట్టుకున్న రంగుల శ్రేణి) దాదాపు నూరు శాతం చూపించేది కావాలి. మిర్చి ఊళ్లో ఉండి కారం ప్యాకెట్లు డిజైన్ చేసేవారికి ఎరుపు తేడా వస్తే ఎలా? తెర మీద నిగనిగలాడిన రంగు పౌచ్ మీద ఇటుక పొడిలా దిగితే, రీప్రింట్ ఖర్చు మీ నెత్తినే పడుతుంది. మానిటర్ మంచిదైనా, పెద్ద ఆర్డర్‌కి ముందు ఒక ప్రూఫ్ (నమూనా ప్రింట్) తీయించి ఆర్డర్ ఇచ్చినవారి సంతకం తీసుకోండి.

లైట్ల క్యాబినెట్, లిక్విడ్ కూలర్ బదులు మామూలువి వేయించి, మీ కొటేషన్ ధరల ప్రకారమే ఈ మార్పులు చేస్తే, పాత కీబోర్డు, మౌస్ ఉంచుకుంటే దాదాపు 1,02,000 అవుతుంది. కరెంటు పోయినప్పుడు ఫైలు సేవ్ చేసుకోవడానికి చిన్న యూపీఎస్ మరో మూడు వేలు. మీ దగ్గర ఇంకా 75 వేలు మిగులుతాయి, అంటే మూడు నెలల ఇంటి ఖర్చు. దాన్ని ముట్టుకోవద్దు. ముహూర్తాలు లేని నెలల్లో ఇల్లు గడిచేది దాంతోనే.

ఈఎంఐ సంగతి. 1,72,000ని 12 నెలలకు పెడితే నెలకు 14 వేల పైచిలుకు. ఆషాఢంలో మీకొచ్చేదంతా దానికే సరి! పైగా నో కాస్ట్ అన్నా బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, అమ్మేవాళ్లు అంత మొత్తాన్ని ధరలో డిస్కౌంట్‌గా తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మీవే. వడ్డీ 8,000 అనుకుంటే జీఎస్టీ 1,440. గొలుసు జోలికి అసలు వెళ్లకండి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అప్పుడు అక్కరకొస్తుంది.

పన్ను మినహాయింపు వస్తుందని షాపులో ఊరిస్తే నమ్మేయకండి. కంప్యూటర్‌కి ఏడాదికి 40 శాతం తరుగుదల (వస్తువు పాతబడి తగ్గే విలువ) ఖర్చుగా చూపించుకునే వీలున్న మాట నిజమే. కానీ మీలాంటి చిన్న ఆదాయం వారు చాలామంది ప్రిజంప్టివ్ పద్ధతిలో (రాబడిలో ఇంత శాతం లాభమని అనుకుని పన్ను లెక్కకట్టే పద్ధతి) రిటర్న్ వేస్తారు, అందులో తరుగుదల విడిగా తీసుకోవడం కుదరదు. జీఎస్టీ కూడా అంతే, రిజిస్ట్రేషన్ లేకపోతే కట్టిన 18 శాతం వెనక్కి రాదు. అలాగని "బిల్లు లేకుండా ఇంకో రెండు వేలు తగ్గిస్తాం" అంటే ఒప్పుకోకండి. అరండల్‌పేటలో కొన్నా, విజయవాడ వెళ్లి కొన్నా, ప్రతి భాగం సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. రెండో ఏడు ర్యామ్ పోతే షాపువాడు మొదట అడిగేది ఆ కాగితమే.