పాఠకుల ప్రశ్నలు – జవాబులు: టోక్యో ఒదాక్యూ లైన్

ప్రశ్న: ఉద్యోగం మీద టోక్యో వెళ్తున్నాను. ఒదాక్యూ లైన్ మీద ఇల్లు చూశారు. అది ప్రైవేటు రైలట. టికెట్టు, కార్డు అన్నీ వేరుగా కొనాలా?

జవాబు: కార్డు వేరే అక్కర్లేదండీ. పాస్మో, సూయికా అని ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించే కార్డులుంటాయి. రెండూ ఒదాక్యూలోనూ చెల్లుతాయి, జేఆర్ (జపాన్ రైల్వేస్) బండ్లలోనూ చెల్లుతాయి. ఛార్జీ మాత్రం ఏ కంపెనీది ఆ కంపెనీదే. ఒదాక్యూలో వచ్చి, ఆ లైన్ మొదలయ్యే షింజుకు స్టేషనులో జేఆర్‌కి మారితే కనీస ఛార్జీ మళ్లీ మొదటి నుంచి పడుతుంది. దూరం కొంచెమే అయినా డబ్బు ఎక్కువ కావడానికి కారణం ఇదే. రోజూ ఒకే దారిలో తిరిగేవాళ్లు ‘తెయికి’ అనే పాస్ కొంటారు. అది ఒకటి, మూడు, ఆరు నెలలకు దొరుకుతుంది. అక్కడ చాలా ఆఫీసులు ప్రయాణ ఖర్చు ఇస్తాయి కాబట్టి, ఏ దారికి ఇస్తారో ఆఫీసులో అడిగాకే పాస్ కొనండి.

ప్రశ్న: మా ఇల్లు క్యోదో స్టేషను దగ్గర. షింజుకు నుంచి ఇంటికి రావడానికి ఏ బండి ఎక్కాలి?

జవాబు: ముందు ఏది ఎక్కకూడదో చెబుతాను. ‘కైసోకు క్యూకో’ (చాలా తక్కువ చోట్ల ఆగే వేగం బండి) ఎక్కకండి. అది షిమోకితజావా దాటాక మళ్లీ ఆగేది నొబొరితోలోనే. అప్పటికి తమా నది దాటి కవాసాకి ఊళ్లోకి వెళ్లిపోతారు. ఉత్త ‘క్యూకో’ క్యోదోలో ఆగుతుంది. పేర్లలో ఒక్క ముక్కే తేడా, కొత్తవాళ్లు పొరపడేది అక్కడే. పొద్దున షింజుకు వైపు నడిచే ‘త్సూకిన్ క్యూకో’ కూడా క్యోదోలో ఆగదు. అన్ని స్టేషన్లలో ఆగేదాన్ని ‘కకుయెకి తెయిషా’ అంటారు.

షింజుకులో ప్లాట్‌ఫారాలు రెండు అంతస్తుల్లో ఉంటాయి. మామూలుగా వేగం బండ్లు నేలమట్టం నుంచి, అన్నిచోట్లా ఆగేవి కింది అంతస్తు నుంచి బయల్దేరతాయి. పొరపాటున కైసోకు క్యూకో ఎక్కేశారా? యోయోగి-ఉయెహారాలోనే దిగండి. అక్కడ ఒకే వైపు వెళ్లే బండ్లు ఒకే ప్లాట్‌ఫారానికి అటూ ఇటూ ఆగుతాయి, నాలుగడుగులు వేస్తే చాలు. షిమోకితజావా దాకా వెళ్తే మెట్లెక్కాలి. అక్కడ వేగం బండ్ల ట్రాకులు కింది అంతస్తులో, ఆగుతూ పోయేవి పై అంతస్తులో ఉన్నాయి.

ప్రశ్న: ఈ లైన్‌లో రెండు ట్రాకుల్ని నాలుగు చేయడానికి యాభై ఏళ్లు పట్టిందని చదివాను. 82 కిలోమీటర్ల లైన్ మొత్తం ఒకేసారి వేసినవాళ్లకి ఇంత ఆలస్యం ఎందుకైంది?

జవాబు: నిజమే, షింజుకు నుంచి ఒదవారా దాకా 82.5 కిలోమీటర్లు 1927 ఏప్రిల్ 1న ఒక్కసారే తెరిచారు. అప్పుడు దారి పొడవునా ఖాళీ నేల ఉండేది. ఆ తర్వాత లైన్ వెంటే ఊళ్లు పెరిగి, ఇళ్లు పట్టాల అంచుదాకా వచ్చేశాయి.

రెండు ట్రాకులంటే వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి. ముందు బండి ప్రతి స్టేషనులో ఆగుతుంటే వెనకున్న క్యూకో దాని తోక పట్టుకుని పాకాల్సిందే. దాటి వెళ్లాలంటే పక్క ట్రాకున్న స్టేషను రావాలి. జనం తోపులాటలో ఒక బండి తలుపు పడటం అర నిమిషం ఆలస్యమైతే ఆ అర నిమిషం వెనక బండ్లన్నిటికీ పాకుతుంది. ఎన్ని కొత్త బండ్లు కొన్నా ఇది తీరదు, దారి విడిపోవాల్సిందే.

లైన్ మొత్తానికి కాదు, టోక్యో దగ్గరి భాగానికే అనుకున్న నాలుగు ట్రాకుల ప్రణాళికకు 1964లోనే ఆమోదం వచ్చింది. కానీ పైన వంతెన మీద వేస్తే చప్పుడని, భూమి కింద వేయమని జనం కోర్టుకెక్కారు. పట్టాల పక్క నివాసముండేవాళ్లకు, భూమి తమది కాకపోయినా, దావా వేసే హక్కుందని 2005 డిసెంబరులో జపాన్ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దేశ న్యాయ చరిత్రలో పెద్ద తీర్పు అది. మరుసటేడు అసలు కేసు మాత్రం జనం ఓడిపోయారు.

అన్నిటికన్నా కష్టం షిమోకితజావా దగ్గర. బండ్లు పైన నడుస్తూనే ఉండగా కింద షీల్డ్ యంత్రంతో సొరంగం తొలిచారు. 2013 మార్చి 22 రాత్రి ఆఖరి బండి వెళ్లాక పట్టాలు మార్చారు. 23 పొద్దున మొదటి బండి భూమి కింద నడిచింది. ఒక్క రాత్రిలో మూడు స్టేషన్లు కిందికి దిగాయి, తొమ్మిది రైల్వే గేట్లు పోయాయి. పాత పట్టాలు తీసేశాక పైనుంచి తవ్వుకుంటూ రెండో జత ట్రాకులకు పై అంతస్తు కట్టారు. మొత్తం పని 2018 మార్చిలో పూర్తయింది. పొద్దుటి రద్దీ గంటలో 27 బండ్ల చోట 36 నడపగలిగారు. షింజుకు, యోయోగి-ఉయెహారా మధ్య ఇప్పటికీ రెండే ట్రాకులు. కొన్ని బండ్లు ఉయెహారాలోనే చియోదా మెట్రో లైన్‌లోకి మళ్లిపోతాయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

ప్రశ్న: ఈ లైన్‌లో ఒకప్పుడు 190 శాతం రద్దీ ఉండేదట. అంటే ఎలా ఉంటుంది?

జవాబు: జపాన్ రవాణా శాఖ దీనికి పేపరుతో కొలత పెట్టింది. వంద శాతమంటే ప్రతివారికీ సీటో, పట్టుకోవడానికి పిడో, తలుపు పక్క కమ్మీయో దొరుకుతుంది. 150లో పేపరు విప్పి చదవచ్చు. 180లో మడిచి, తంటాలు పడి చదవాలి. 200లో ఒళ్లూ ఒళ్లూ ఒత్తుకుంటాయి, చిన్న వారపత్రికైతే ఎలాగో చూడొచ్చు. 250లో చెయ్యి కదలదు, బండి ఊగినప్పుడల్లా మనిషి వాలిపోతాడు. ఈ లైన్‌లో 190 దాటి ఉన్న రద్దీ నాలుగు ట్రాకులయ్యాక 160 కన్నా తగ్గింది.

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్లు. పిల్లల ఛార్జీ 50 యెన్లేనా?

జవాబు: అవును, 2022 మార్చి నుంచి ఒదాక్యూలో ఎంత దూరమైనా అంతే. అయితే పిల్లల పేరున రిజిస్టరైన పాస్మో గానీ సూయికా గానీ ఉండాలి. కాగితం టికెట్టు కొంటే ఈ ధర రాదు. కార్డు చేయించేటప్పుడు పాప వయసు తెలిసేలా పాస్‌పోర్టు చూపించండి. మెట్రోలోకో జేఆర్‌లోకో మారితే వాళ్ల ఛార్జీ అదనం.

ప్రశ్న: బండ్లు ఆగిపోతే వేరే కంపెనీ లైన్‌లో ఉచితంగా పంపుతారట కదా?

జవాబు: దాన్ని ‘ఫురికాయె యుసో’ అంటారు. తెయికి పాస్ ఉన్నవాళ్లు తమ పాస్ దారి మేరకు, ముందే కాగితం టికెట్టు కొన్నవాళ్లు టికెట్టు మేరకు వెళ్లొచ్చు. కార్డులో డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించి లోపలికొచ్చినవాళ్లకు ఇది వర్తించదు. వేరే దారిలో వెళ్తే ఆ ఛార్జీ వాళ్లే పెట్టుకోవాలి. పాస్ ఉన్నవాళ్లు మాత్రం వేరే లైన్‌లో గేటు మీద కార్డు తాకించకుండా, సిబ్బంది ఉన్న గేటు దగ్గర పాస్ చూపించి వెళ్లాలి. తాకించారంటే డబ్బు కట్ అవుతుంది.