బావగారి సీడీలు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న మేనకోడలికి

పాలకొల్లు

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. బావగారికి చేతులు వణుకుతున్నాయి, సీడీ తీసి పెట్టుకోవడం కష్టమవుతోంది, అందుకే అన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నానన్నావు. చాలా మంచి పని. సగం సీడీలు పాడైపోయాయేమోనని నువ్వు బెంగ పెట్టుకున్నావు గానీ, నువ్వు రాసినవి చదివితే నాకలా అనిపించలేదు. క్యాసెట్ల కొట్టు నడిపి, ఆ తర్వాత సీడీలు అమ్మి, ఊళ్ళోవాళ్ళ సీడీలు ఎన్నో కాపీ చేసిపెట్టినవాణ్ణి. నా మాట విను: సీడీని ఆఖర్న అనుమానించాలి. ముందు మనం కాపీ చేసిన పద్ధతి చూడు, తర్వాత వైరు, తర్వాత డ్రైవు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే సీడీ జోలికి వెళ్ళు. జనం దీన్ని తిరగేసి చేస్తారు. పాట స్టక్ అవగానే చొక్కా అంచుతో రుద్దేస్తారు. బాగున్న సీడీకి గీతలు పడేది అప్పుడే.

పాటలన్నీ ఫోల్డర్లోకి లాగాను, సీడీ తీసేస్తే ఒక్కటీ పలకడం లేదన్నావు. ఆడియో సీడీలో మనం అనుకునే ఫైళ్ళేవీ ఉండవమ్మా. విండోసులో ట్రాక్01, ట్రాక్02 అంటూ సీడీఏ అనే తోకతో కనపడేవి పాటలు కావు. ఫలానా పాట సీడీలో ఎక్కడ మొదలవుతుంది, ఎంతసేపుంటుంది అని రాసిపెట్టిన చీటీలు. ఒక్కోటి 44 బైట్లు. అసలు పాటైతే నిమిషానికి దగ్గర దగ్గర 10 ఎంబీ ఉండాలి. ఒకసారి ఆ ఫోల్డర్ సైజు చూడు, నీకే తెలిసిపోతుంది. పాటను చదివి ఫైలుగా రాసే ప్రోగ్రాం వేరే ఉంటుంది, ఆ పనినే రిప్ చేయడం అంటారు. విండోసులో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ పెట్టుకో, డబ్బులేం కట్టక్కర్లేదు. తమ్ముడి మ్యాక్ వాడితే ఎక్స్‌ఎల్‌డీ. విండోస్ మీడియా ప్లేయర్ కూడా రిప్ చేస్తుంది గానీ, ఎక్కడ చదవలేకపోయిందో చెప్పదు. నాకు దాని మీద నమ్మకం లేదు.

కింది అరలో '100 పాటలు' అని అట్టమీద వేసినవి ఉంటాయి చూడు, వాటికి ఈ తంటా లేదు. అవి ఎంపీ3 సీడీలు, లోపల మామూలు ఫైళ్ళే. కాపీ పేస్ట్ చేసుకో, అంతే. వాటిని ఫ్లాక్‌లోకి (పాటలో ఏదీ పోకుండా దాచే ఫైలు రకం) మార్చే పని మాత్రం పెట్టుకోకు, సైజు పెరుగుతుంది తప్ప పాట బాగుపడదు. వీసీడీలు, అంటే వీడియో సీడీలు దొరికితే లోపల డీఏటీ అనే తోకతో ఉన్న ఫైళ్ళు తీసుకో, వీఎల్‌సీ ప్లేయర్లో ఆడతాయి.

ఇక డ్రైవు సంగతి. సీడీ పెట్టగానే గిర్రున తిరిగి, టక్ టక్ మని ఆగిపోయి, మళ్ళీ తిరుగుతోందన్నావు. ఏ సీడీ పెట్టినా అంతేనా, కొన్నిటికేనా? అన్నిటికీ అంతే అయితే అది చాలావరకు కరెంటు గొడవే. ఆ పల్చటి యూఎస్‌బీ డ్రైవుకి సీడీని తిప్పడం మొదలుపెట్టేటప్పుడు ఎక్కువ కరెంటు కావాలి. పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులే. దానికి తోడు నువ్వు మౌసు, పెన్‌డ్రైవు అన్నీ గుచ్చిన హబ్బుకి దీన్ని కూడా పెట్టావు. హబ్బు తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టు. డ్రైవుతోపాటు వచ్చిన పొట్టి వైరే వాడు. అప్పటికీ ఆగిపోతే రెండు మూతుల యూఎస్‌బీ వైరు తెచ్చి రెండు పోర్టుల్లోనూ పెట్టు. నువ్వు పాడైపోయాయన్న సీడీల్లో చాలావరకు ఇక్కడితోనే పాడతాయని నా నమ్మకం. ఏసీ గదిలోంచి డ్రైవును హాల్లోకి తెచ్చి వెంటనే మొదలెట్టకు. నరసాపురం గాలికి లెన్సు మీద చెమ్మ పడుతుంది. అరగంట ఆగు.

అసలు కష్టం టిక్కు టిక్కుమనే పాటలతో. "టేప్‌రికార్డర్ పక్కనున్న సీడీ ప్లేయర్లో బాగానే పాడిందిగా మావయ్యా" అన్నావు. పాడుతుంది. సీడీలో అక్కడక్కడా చదవలేని చోట్లుంటే సరిచేసుకోవడానికి పాటతోపాటే అదనపు లెక్కలు కూడా రాసి ఉంటాయి. చిన్న చిన్న గీతలు వాటితోనే పోతాయి. గీత మరీ పెద్దదైతే ప్లేయరు అటూ ఇటూ ఉన్న ధ్వనిని చూసి మధ్యలోది ఊహించి పూడ్చేస్తుంది, మన చెవికి తెలియనివ్వదు. కంప్యూటర్ డ్రైవు పాటను చాలా వేగంగా లాగుతుంది, ఆ తొందరలో జారిన చోటు టిక్కు మంటుంది. ఇంకా ప్రమాదం ఏంటంటే, కొన్నిసార్లు టిక్కు కూడా అనదు. పాట కాస్త దెబ్బతిని ఫైల్లోకి వెళ్ళిపోతుంది, తెర మీద మాత్రం 'పూర్తయింది' అని వస్తుంది. ఆ మాట నమ్మి సీడీని అవతల పెట్టేయకు.

ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో సెక్యూర్ మోడ్ ఉంటుంది, అందులో పెట్టు. ప్రతి ముక్కనీ కనీసం రెండుసార్లు చదువుతుంది. రెండూ కలవకపోతే మళ్ళీ మళ్ళీ చదువుతుంది. ఒక పాటకి అరగంట పట్టినా విసుక్కోకు, పక్కన నీ పని నువ్వు చూసుకో. చివర్లో లాగ్ అని ఒక చిట్టా ఇస్తుంది. అందులో అనుమానం ఉన్న చోటును నిమిషం, సెకనుతో సహా రాస్తుంది. పాట మొత్తం వినక్కర్లేదు, ఆ సెకను దగ్గర హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. టెస్ట్ అండ్ కాపీ అనే పద్ధతిలో పాటను రెండు విడతలు చదివి, రెండిటికీ వచ్చిన సీఆర్‌సీ నంబర్లు (చదివినదంతా లెక్కగట్టి తీసే గుర్తు సంఖ్యలు) పక్కపక్కన చూపిస్తుంది. రెండూ ఒకటైతే నిశ్చింత. అక్యురేట్‌రిప్ అని ఇంకొకటుంది. అదే సీడీని ఎక్కడెక్కడో రిప్ చేసినవాళ్ళకొచ్చిన నంబర్లతో నీ నంబరు పోల్చి చెబుతుంది. కలిసిందంటే అంతకు మించిన సాక్ష్యం లేదు. మన తెలుగు సీడీ అందులో దొరకలేదని చెబితే కంగారుపడకు. ఇంతవరకు ఎవరూ ఎక్కించలేదని అర్థం, నీది తప్పని కాదు.

అప్పటికీ మొరాయిస్తే స్పీడు తగ్గించు, మామూలు ప్లేయరు వేగానికి 8 రెట్లకో 4 రెట్లకో. కాగితం లేబుల్ అంటించిన సీడీలు వేగంగా తిరిగితే ఊగుతాయి, వాటికి ఇది తప్పనిసరి. ఆ లేబుల్ పీకాలని చూడకు, దాంతోపాటే వెండి పొర కూడా ఊడొస్తుంది. ఆ తర్వాత డ్రైవు మార్చి చూడు. ఒక డ్రైవు చదవలేనిది ఇంకో కంపెనీ డ్రైవు సునాయాసంగా చదవడం మామూలే.

ఇవన్నీ అయ్యాకే సీడీ. ముందు దీపానికి ఎదురుగా పట్టుకుని చూడు. సన్న సన్న చిల్లుల్లా వెలుతురు కనిపిస్తే వెండి పొర తినేసిందన్నమాట, అక్కడ ఏం రుద్దినా రాదు. బొమ్మ వేసిన వైపు గీత పడితే ఇంకా చేటు. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో ప్లాస్టిక్కంతా కిందివైపే, పాట ఉన్న పొర బొమ్మ కిందనే, పైన పల్చటి పూత తప్ప కాపలా లేదు. కాబట్టి బొమ్మ వైపు బోర్లా పెట్టే అలవాటుంటే మానేయ్. మెరిసే వైపు మురికి, వేలిముద్రలు, ఈ డెల్టా చెమ్మకి పట్టే తెల్లటి బూజు, ఇవి మాత్రం పోతాయి. గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క వేసిన నీళ్ళతో తడిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య చిల్లు దగ్గర్నుంచి అంచుకి తిన్నగా తుడువు. గుండ్రంగా తిప్పి తుడవద్దు. పాట గుండ్రంగానే రాసుంటుంది, ఆ దారిలో గీత పడితే ఒకేచోట బోలెడు పోతుంది. ఆ దారికి అడ్డంగా పడిన గీతను డ్రైవు దాటేయగలదు. థిన్నరు, పెట్రోలు దగ్గరికి రానివ్వకు. టూత్‌పేస్టు వైద్యం గురించి ఎవరో చెప్పారన్నావు. అది ప్లాస్టిక్కును అరగదీస్తుంది. ఇంకే దారీ లేని సీడీకి తప్ప వద్దు.

పేర్ల గొడవ చెప్తాను. ఇంటర్నెట్ నుంచి పేర్లు వాటంతటవే వస్తాయి గానీ, పాటల సంఖ్య, నిడివి చూసి పోల్చడం వల్ల ఒక్కోసారి వేరే సీడీ పేర్లు వచ్చి కూర్చుంటాయి. అట్ట చూసి సరిచెయ్. బావగారి దగ్గర ఎక్కువున్నది బాలమురళి గారి కచేరీలే కదా, మన శంకరగుప్తంలో పుట్టినాయన. ఒకచోట మంగళంపల్లి, ఒకచోట ఎం. బాలమురళీకృష్ణ, ఒకచోట డాక్టర్ బాలమురళి అని పడితే కంప్యూటర్ ముగ్గురు గాయకులనుకుంటుంది, బావగారు వెతికితే మూడోవంతే కనపడతాయి. ఒకే పేరు పెట్టుకుని మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే పేర్లు దిద్దే ప్రోగ్రాంతో అన్నిటికీ ఒకేసారి దిద్దెయ్. ఇంట్లో వినే కాపీకి తెలుగు అక్షరాలే బాగుంటాయి. కారు స్టీరియోలో డబ్బాలు డబ్బాలుగా కనపడితే ఆ పెన్‌డ్రైవు వరకు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకో.

కచేరీ సీడీల్లో ఆలాపన ఒక ట్రాకు, కీర్తన ఇంకో ట్రాకు అవుతుంది, మధ్యలో నిశ్శబ్దం ఉండదు. ఎంపీ3 చేస్తే ఆ అతుకు దగ్గర చిన్న ఖాళీ వస్తుంది. రాగం పతాక స్థాయికి చేరి కీర్తన అందుకునే చోట ఆ ఖాళీ పడితే బావగారు ఊరుకోరు, నేనూ ఊరుకోను. అందుకే ఫ్లాక్. దాంట్లో సీడీలో ఉన్నదంతా చెక్కుచెదరదు, ఒక్కో సీడీ 300 నుంచి 400 ఎంబీ అవుతుంది. ఫోనుకి కావాలంటే అందులోంచి ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు, ఎంపీ3లో పోయినదాన్ని మాత్రం మళ్ళీ ఫ్లాక్‌లోకి తేలేం.

ఎక్కించినదాన్ని రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టు. ఒకటి హైదరాబాదులో మీ ఇంట్లో ఉండాలి. 1986లోనూ 2022లోనూ గోదారి పొంగినప్పుడు లంకల్లో ఏమైందో చూశాం, రెండూ ఒకే బీరువాలో పెట్టకూడదు. ఎక్కించేశాను కదా అని సీడీలు పారేయకు. వాటినీ, అట్టల్నీ ఉంచు, పక్కవాద్యాల పేర్లు చాలాసార్లు అట్టమీదే ఉంటాయి.

లొంగని సీడీలు ఒక సంచీలో వేసి దసరాకి వచ్చేటప్పుడు తీసుకురా, వాటి లాగ్ ఫైళ్ళు మాత్రం ముందే వాట్సాప్‌లో పంపు. ఇక్కడ నా డెస్క్‌టాప్‌లో రెండు కంపెనీల పాత డ్రైవులున్నాయి, వాటిలో వేసి చూద్దాం.

మీ మావయ్య