బుజ్జీ, పసుపు పట్టీలు పోయినంత మాత్రాన పని అయిపోదు

పాలకొల్లు

బుజ్జీ,

నువ్వు ఉద్యోగం మానేశావని, స్నేహితులతో కలిసి భీమవరంలో గది తీసుకుని రొయ్యల రైతుల కోసం యాప్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వినగానే గుండె గుభేలుమంది. ఫోన్ పెట్టేశాక మీ పెదనాన్నకి మాత్రం "మన పిల్ల మన చెరువుల కోసం పని చేస్తోందండీ" అని గొప్పగా చెప్పుకున్నాను. మీ అమ్మది డబ్బుల టెన్షన్. నా భయం వేరు. హైదరాబాదులో ఏళ్ల తరబడి యాప్‌లు టెస్ట్ చేసినదాన్ని. తెర మీద ఒక్క మాట సరిగ్గా కనపడకపోతే ఎవరి కొంప ఎలా మునుగుతుందో కళ్లారా చూశాను.

యాప్‌లు కట్టే ఫ్లట్టర్‌లో రాస్తున్నారట, కోడ్ రాసే ఎడిటర్‌గా వీఎస్ కోడ్ వాడుతున్నారట. మంచిదే. మొదటి పనులు నీకు తెలిసినవే: ఫోన్ సెట్టింగుల్లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కడం, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయడం, కేబుల్ పెట్టి ఎఫ్5 కొట్టడం. కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్, ఆ ఎమ్యులేటర్‌తో సరిపెట్టుకోకు. డీబగ్‌లో, అంటే తప్పులు వెతుక్కునే బిల్డ్‌లో, యాప్ మందకొడిగా నడుస్తోందని బెంగపడకు, వేగం సంగతి ప్రొఫైల్ మోడ్‌లో చూసుకో. మొదట్లో ఒక్కసారే నడిచే ఇనిట్‌స్టేట్‌లో మార్చినది, యాప్ ఆపకుండా కోడ్ మార్చే హాట్ రీలోడ్‌కి కనపడదు, మొదటినుంచి నడిపే హాట్ రీస్టార్ట్ చేయాలి.

తెర మీది ఒక్కో ముక్కనీ, అంటే విడ్జెట్‌నీ, విప్పి చూపించే విడ్జెట్ ఇన్‌స్పెక్టర్ సంగతి మాత్రం శ్రద్ధగా విను. మీ వయసు వాళ్లు దాన్ని ఏ దారీ లేనప్పుడు తెరుస్తారు. ఏదైనా పక్కకి జరిగిందంటే పాడింగ్ (చుట్టూ వదిలే ఖాళీ) 8 పెట్టి చూస్తారు, 12 పెట్టి చూస్తారు, 16 పెట్టి చూస్తారు, పొద్దు గడిచిపోతుంది. ఊహించి కొట్టే ఈ పద్ధతి నాకు మొదటినుంచీ గిట్టదు. కంట్రోల్ షిఫ్ట్ పి నొక్కి డెవ్‌టూల్స్ అని కొడితే ఇన్‌స్పెక్టర్ ఎడిటర్ పక్కనే తెరుచుకుంటుంది. అందులో సెలెక్ట్ విడ్జెట్ మోడ్ ఆన్ చేసి, ఫోన్ తెర మీద నీకు అనుమానం ఉన్న మాట మీద వేలు పెట్టు. దాని చుట్టూ గీత పడుతుంది. ఒకదానిలో ఒకటిగా ఉన్న విడ్జెట్ల చెట్టులో ఆ విడ్జెట్ దగ్గరికి తీసుకెళ్లి, నువ్వు దాన్ని రాసిన లైను కూడా చూపిస్తుంది. అక్కడ ఆగిపోకు. దాని తల్లి ఎవరో, ఆ పైన ఎవరున్నారో చూడు. ఫ్లట్టర్‌లో హద్దులు పైనుంచి కిందకి వస్తాయి, ఆ హద్దుల్లో పిల్ల తన సైజు చెబుతుంది, ఎక్కడ కూర్చోవాలో తల్లి నిర్ణయిస్తుంది. అందుకే మాట తెగి కనిపించినా, తప్పు చాలాసార్లు రెండు మెట్లు పైన ఉంటుంది. ఇన్‌స్పెక్టర్‌లోని లేఅవుట్ వివరాల్లో వెడల్పులూ హద్దులూ అంకెల్లో కనిపిస్తాయి, వాటిని చదవడం అలవాటు చేసుకో.

ముక్కల్ని పక్కపక్కన పేర్చే రో లోపల ఒక ఐకాన్, దాని పక్కన టెక్స్ట్ ఊరికే పెట్టావనుకో. రో ఆ టెక్స్ట్‌కి వెడల్పులో హద్దు చెప్పదు. అది ఒకే వరసలో పొడుగ్గా సాగి అంచు దాటేస్తుంది, పసుపు నలుపు పట్టీలు పడతాయి. ఆ పట్టీల గురించే నీకు రాయాలని కూర్చున్నాను.

హైదరాబాదులో నేను పనిచేసిన ఒకచోట, మీరు చేస్తున్నలాంటి యాపే చేశారు. చెరువులో ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోన్‌కి హెచ్చరిక వెళ్లాలి. డిజైన్ ఇంగ్లీషులో గీశారు, మాట చక్కగా పట్టింది. తెలుగులో "ఈ పూట మేత వేయవద్దు" అని పెట్టేసరికి చిన్న ఫోన్‌లో పట్టీలు వచ్చాయి. మర్నాడే రిలీజ్. ఒక కుర్రాడు, తెలివైనవాడే, టెక్స్ట్‌ని మిగిలిన వెడల్పులోనే ఉంచే ఎక్స్‌పాండెడ్‌లో పెట్టి, మాక్స్‌లైన్స్ ఒకటి (ఒకే వరస) చేసి, ఓవర్‌ఫ్లోకి ఎలిప్సిస్ ఇచ్చాడు, అంటే పట్టనిది కోసి మూడు చుక్కలు పెట్టమన్నాడు. పట్టీలు పోయాయి. కన్సోల్‌లో ఎర్ర అక్షరం లేదు. ఆఫీసులో ఉన్న పెద్ద ఫోన్‌లో చూస్తే మాట పూర్తిగానే ఉంది. అందరూ సరే అన్నారు. చిన్న ఫోన్‌లో పట్టీలు పోయాయా అని చూశారే గానీ, అక్కడ ఏం మిగిలిందో ఎవరూ చదవలేదు.

ఆకివీడు వైపు ఒక రైతు. చూపు మందగించి ఫోన్‌లో అక్షరాల సైజు బాగా పెంచుకున్నాడు. ఆయన తెర మీద కనపడింది "ఈ పూట మేత వేయ…" అని. అంతే. ఇంగ్లీషులో కాదనే మాట ముందే వస్తుంది, తోక తెగినా అది నిలుస్తుంది. మనకి అది చివర్లో ఉంటుంది. మూడు చుక్కలూ సరిగ్గా దాన్నే మింగేశాయి.

ఆరోజు మబ్బు, చెరువులో ఆక్సిజన్ తగ్గింది. ఆయన రోజూలాగే మేత చల్లించాడు. రొయ్యలు సరిగ్గా తినలేదు, మిగిలింది అడుగున కుళ్లి ఉన్న ఆక్సిజన్‌ని కూడా లాగేసింది. ఎలాగూ తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా తక్కువుంటుంది కదా, ఆ వేళకి రొయ్యలు నీటిపైకి తేలాయి. నీటికి గాలి కలిపే ఏరియేటర్లు అన్నీ తిప్పినా లాభం లేకపోయింది. మిగిలినవైనా దక్కించుకోవాలని చెరువు పట్టేశారు. కిలోకి వంద తూగే సైజు. ఇంకొన్నాళ్లు ఆగి అరవై కౌంట్‌కి (కిలోకి అరవై) వచ్చి ఉంటే ఆ లెక్కే వేరు. మేం కొందరం వెళ్లాం. కేకలేస్తాడనుకున్నాం. ఆయన నిదానంగా ఫోన్ తీసి, "మీరు వేయమన్నారనే వేశానండీ" అన్నాడు. గట్టు మీద ఆ మాట విన్నాక మాలో ఎవరికీ నోరు పెగల్లేదు.

పట్టీలు డీబగ్‌లోనే కనిపిస్తాయమ్మా. రిలీజ్ బిల్డ్‌లో రావు. రైతు దగ్గర మాట పక్కకి పోయినా, తెగిపోయినా నీకు చెప్పేవాడు ఉండడు. అందుకే పట్టీ కనపడితే విసుక్కోకు. దాన్ని నొక్కిపెట్టేలా కోడ్ రాయకు. ఎక్స్‌పాండెడ్ పెట్టు, కానీ మాట రెండో వరసకీ మూడో వరసకీ దిగనివ్వు. డబ్బాకి ఎత్తు బిగించకు. హెచ్చరికల్లో ఎక్కడా మూడు చుక్కలు ఉండకూడదు. వాక్యం కూడా "వద్దు! ఇప్పుడు మేత వేయకండి" అని మొదలుపెట్టు, సగం చదివినవాడికి కూడా అర్థమవుతుంది.

నాకింత భయం ఎందుకంటే, 1996 నవంబరు తుపాను కోనసీమని ఊడ్చేసినప్పుడు మేం అమ్మమ్మగారి ఇంట్లో ఉన్నాం. కరెంటు లేదు. మీ తాతయ్య బ్యాటరీల రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నారు. గురగురల్లో సగం మాట వినపడేది, సగం పోయేది. పోయిన సగంలో ఏముందోనని ఆ రాత్రంతా ఇంటిల్లిపాదీ వణికాం. నువ్వు అప్పటికి పుట్టలేదు.

ఇప్పుడే ఒక పని చెయ్. ఫోన్ సెట్టింగుల్లో అక్షరాల సైజు చివరిదాకా జరిపి ప్రతి తెరా మొదటినుంచి చూడు. ఆండ్రాయిడ్ 14 నుంచి అది 200 శాతం దాకా వెళ్తుంది. డిజైన్ పాడవుతోందని ఆ సైజు యాప్‌లో పనిచేయకుండా బిగించేసేవాళ్లు ఉన్నారు. నువ్వు ఆ పని చేస్తే మాత్రం నేను ఊరుకోను, చెబుతున్నా. కళ్లు కనపడనివాడే కదా అక్షరం పెంచుకునేది!

తెలుగుకి ఇంకో చిక్కుంది. మన ఒత్తులు కిందకి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. టెక్స్ట్‌స్టైల్‌లో హైట్ (వరస ఎత్తు) 1.0 అని బిగిస్తే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుతుంది. కోసేసే డబ్బాలో పెడితే ఒత్తు అడుగు ఎగిరిపోతుంది. "రొయ్యలు", "స్త్రీ", "ఆక్సిజన్" లాంటి మాటలు పెట్టి, ఇన్‌స్పెక్టర్‌లో డబ్బాల అంచులు గీసి చూపే షో గైడ్‌లైన్స్ ఆన్ చేసి ఆ గీతల దగ్గర కళ్లలో ఒత్తులు వేసుకుని చూడు.

బటన్లు 48కి 48 లాజికల్ పిక్సెళ్ల కన్నా తగ్గనివ్వకు, గట్టు మీద తడి వేళ్లతో నొక్కుతారు. లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో కనపడవు.

రైతు ఫోన్‌లో డీబగ్ చేయాల్సి వస్తే, పని అయ్యాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపి, ఇచ్చిన అనుమతులు కూడా రద్దు చేసి, ఆయన ఎదురుగానే చూపించి ఇవ్వు. ఆ ఫోన్‌లో ఆయన బ్యాంకు ఉంటుంది, పిల్లల ఫొటోలుంటాయి. స్క్రీన్‌షాట్ తీస్తే ఆయన పేరు, నంబరు కనపడకుండా చూసుకో.

ఇంకోటి, ఇది మాత్రం మీ అమ్మకి చెప్పకు, హడలిపోతుంది. ఏరియేటర్ల స్టార్టర్ డబ్బాల దగ్గరికి వెళ్లకు. వైర్లు నీళ్లలో పడి ఉంటాయి, వానాకాలంలో గట్టంతా జారుడు. లాప్‌టాప్ ఛార్జింగ్ అయిపోతే అక్కడే ఏదో ప్లగ్గులో పెట్టేద్దాం అనుకోవద్దు, పవర్ బ్యాంక్ పట్టుకెళ్లు. చీకటి పడేలోగా గదికి చేరి నాకు ఒక్క మెసేజ్ పెట్టు. తిన్నావో లేదో కూడా రాయి.

మొదటి బిల్డ్ అవగానే ఏపీకే (ఫోన్‌లో వేసుకునే యాప్ ఫైలు) నాకు పంపు. మీ పెదనాన్న ఫోన్‌లో వేస్తాను. ఆయన అక్షరాలు అన్నిటికన్నా పెద్దవి పెట్టుకున్నారు, ఫోన్ కూడా చిన్నదే. ఒక్కో తెరా ఆయన చేత పైకి చదివిస్తాను, ఎక్కడ తడబడితే అక్కడ ఫొటో తీసి నీకు పంపుతాను.

మీ పెద్దమ్మ