ఫొటో తీస్తే హోంవర్క్ అయిపోతోంది.. మార్కులే రావడం లేదు!

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. లెక్కలు, సైన్సు, తెలుగు ఏదైనా సరే ఫోన్‌తో ఫొటో తీసి, వచ్చిన జవాబు నోట్సులోకి ఎక్కించేస్తోంది. పరీక్షల్లో మాత్రం మార్కులు తగ్గుతున్నాయి. అన్ని సబ్జెక్టులకూ పనికొచ్చే మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి.
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అన్నిటికీ ఒకే యాప్ కోసం వెతకొద్దమ్మా. లెక్కల్లో ఆదుకున్నదే తెలుగులో ముంచుతుంది.

లెక్కలకు ఫొటోమ్యాథ్ మంచిది, మెట్లు కూడా చూపిస్తుంది. కానీ వర్గ సమీకరణాన్ని కారణాంకాలతో సాధించమని మాస్టారు అడిగితే, అది సూత్రంలో వేసి తేల్చేయొచ్చు. జవాబు ఒప్పే అయినా మెట్ల మార్కులు పోతాయి. వేరే పద్ధతులు కూడా చూపిస్తే అవీ తెరిచి చూడమనండి.

సైన్సుకు కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసుకునే ప్రయోగాలు ఉన్నాయి, ఉచితం. బ్యాటరీ, బల్బు, వైర్లు తనే కలిపి, వోల్టేజి పెంచితే కరెంటు ఎలా పెరుగుతుందో చూస్తే ఓమ్ నియమం బట్టీ పట్టక్కర్లేదు.

సోషల్‌లో చాట్‌జీపీటీ లాంటి చాట్‌బాట్ చెప్పిన సంవత్సరాన్ని పాఠ్యపుస్తకంతో సరిచూడాల్సిందే. విజయవాడలో కృష్ణపై పాత ఆనకట్ట 1855లో పూర్తయింది, ప్రకాశం బ్యారేజీ 1957లో. ఇలాంటి జంట విషయాలను అది కలిపేసి చెప్పే ప్రమాదం ఉంది.

అసలు చిక్కు తెలుగుతోనే. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ గణాలు, పదో అక్షరం యతి అని చాట్‌బాట్ గడగడా చెప్తుంది. తీరా పద్యపాదం ఇచ్చి గణవిభజన చేయమంటే తడబడుతుంది. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువవుతుందని తనే చెప్పి, అక్కడే లఘువు పెట్టేస్తుంది. ఈ చాట్‌బాట్‌లను నడిపించే ఏఐ మోడళ్లు పదాన్ని మనలా అక్షరాలుగా చూడవు, తమకు వీలైన ముక్కలుగా కోసుకుంటాయి. ఛందస్సు, ప్రతిపదార్థాల దగ్గర ఫోన్ పక్కన పెట్టించి, తెలుగు మాస్టారినే అడగమనండి.

ఫోన్ లాక్కోవద్దు, టెన్షన్ పెరుగుతుంది తప్ప చదువు రాదు. ముందు లెక్కను తననే కాగితం మీద ప్రయత్నించనివ్వండి. ఆగిపోయాక ప్రశ్నను కాదు, తను చేసిన కాగితాన్ని ఫొటో తీయాలి. చాట్‌జీపీటీలో స్టడీ మోడ్ (నేరుగా జవాబు ఇచ్చేయకుండా మెట్టుమెట్టుగా నేర్పే పద్ధతి) పెట్టి, ‘జవాబు చెప్పొద్దు, నేను ఏ మెట్టులో తప్పు చేశానో అది మాత్రం చూపించు’ అని అడగమనండి. తెలుగులో అడిగినా అర్థం చేసుకుంటుంది.