కొల్లాజినేజ్ సీసా తెరిచే ముందు

కావలి

చిరంజీవి మాధవికి పెదనాయన ఆశీస్సులు.

జోడిపి గొర్రె కొవ్వు నుంచి మూలకణాలు విడదీసే పనికి పూనుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పగానే ఎంత పొంగిపోయానో, కబేళా నుంచి తెచ్చిన ముక్కలను వట్టి చేతులతో ముట్టుకుంటావేమోనని అంత దిగులూ పట్టుకుంది. గొర్రెల నుంచి మనుషులకు బ్రూసెల్లా అనే బాక్టీరియా సోకుతుంది తల్లీ, తొడుగులు లేకుండా ఆ సంచి విప్పవద్దు. కణాలను పట్టి ఉంచే కొల్లాజెన్ పీచును కరిగించే ఎంజైమే కదా కొల్లాజినేజ్, దాని పొడి తూచేటప్పుడు మాస్కు కట్టుకో. ఆ ధూళి పీల్చిన వాళ్ళలో కొందరికి ఉబ్బసం వస్తుంది.

మంచులో పెట్టి తేవడం, యాంటీబయోటిక్ ద్రావణంతో కడగడం, సన్నగా తరగడం నీకు తెలిసినవే.

నేను పనిచేసిన ప్రయోగశాలలో ఒక సీనియర్ ఉండేవారు. ఈడీటీఏతో కలిపి వాడే ట్రిప్సిన్ అనే మరో ఎంజైమ్‌తో వచ్చిన అలవాటు కొద్దీ ఆయన కణజాలాన్ని, కాల్షియంను పట్టేసే ఆ ఈడీటీఏలో నానబెట్టి, సరిగా కడగకుండానే దాని మీద కొల్లాజినేజ్ పోశారు. కాల్షియం తీసేస్తే కణాల మధ్య పట్టు సడలే మాట నిజమే; కాలేయ కణాల కోసం సెగ్లెన్ అనే శాస్త్రవేత్త 1976లో వివరించిన రెండంచెల పద్ధతిలో మొదటి అంచె అదే. అయితే కాల్షియం లేనిదే కొల్లాజినేజ్ పనిచేయదు కనుక రెండో అంచెలో దాన్ని తిరిగి ఇస్తారు. ఆ సంగతి పట్టించుకోని ఆయన, ముక్కలు కరగకపోయేసరికి మందు చాలలేదనుకుని రెట్టింపు పోసి, 37 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఊపుతూ ఉంచారు. చచ్చిన కణాల డీఎన్‌ఏ బయటపడి గొట్టంలో బెండకాయ జిగురులా సాగింది. దాన్ని తెంచడానికి పోసిన డీఎన్‌ఏజ్‌కూ మెగ్నీషియం, కాల్షియం కావాలి కదా, ఈడీటీఏ అక్కడా అడ్డుపడింది. చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేసి చూస్తే ఎటు చూసినా నీలి కణాలే. అంత చదువుకున్న మనిషి సీసాలో ఏముందో ఒక్కసారి చూసుకోలేదని నాకు ఇప్పటికీ కోపమే.

నువ్వూ తొందరమనిషివే, చిన్నప్పుడు ఉడకని అన్నం దించేదానివి. ఇక్కడ మాత్రం పది నిమిషాలకోసారి ఒక చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడు. కణాలు విడివడగానే ఆపెయ్; ఆపడానికి సీరం ఒక్కదాన్నే నమ్ముకోకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కడిగి ఎంజైమ్‌ను తీసెయ్. కొల్లాజినేజ్ ఒక లాట్ ఉన్నట్టు మరొకటి ఉండదు కాబట్టి, కొత్తది వచ్చినప్పుడల్లా ముందు చిన్న ముక్క మీద పరీక్షించు.

ద్రావణాల్లో ఏవేవి కలుపుతున్నావో రాసిన కాగితం మొదటి ప్రయోగానికి ముందే నాకు పంపు. తెల్లవారుజామున కబేళాకు ఒక్కదానివే పోవద్దు, ఎవరినైనా తోడు తీసుకెళ్ళు.

మీ పెదనాయన