జింక వేటకు .223 చాలుతుందా?

ప్రశ్న: నా దగ్గర .223 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం, సుమారుగా అంగుళాల్లో) రైఫిల్ ఉంది. లైసెన్సుతో జింక వేటకు అది సరిపోతుందా, .308 కొనాలా?

జవాబు: .223 వాడొద్దు. గుండు తగిలేచోట కనీసం 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలన్నది వేటగాళ్ల పాత లెక్క. 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాముల తూకం) .223 గుండు 100 గజాలకే అంతకన్నా దిగిపోతుంది. .243లో 100 గ్రెయిన్ల గుండు 200 గజాల దగ్గర కూడా 1,300 దాకా నిలుపుకుంటుంది. ఇంగ్లండ్‌లో పెద్ద జింకలకు చట్టం .240 అంగుళాల కన్నా చిన్న క్యాలిబర్‌ను ఒప్పుకోదు. మీ ప్రాంతపు నిబంధన చూసుకోండి.

.308 బలమైనదే, కానీ కాల్చినప్పుడు భుజానికి తగిలే తన్ను ఎక్కువ. ఆ తన్నుకు జడిసి ట్రిగ్గర్ లాగేటప్పుడు కళ్లు మూసుకుంటే గుండు పొట్టలోకి పోతుంది, జంతువు గంటల తరబడి నరకం చూస్తుంది. కొత్తవారికి .243 గానీ 6.5 క్రీడ్‌మోర్ (6.5 మి.మీ. తూటా రకం) గానీ మేలు.

క్యాలిబర్ కన్నా గుండు రకమే ముఖ్యమంటాను. పూర్తి లోహపు తొడుగున్నది విచ్చుకోకుండా సన్నని రంధ్రం చేసి దూసుకుపోతుంది. చిన్న జంతువులకు చేసిన పలుచటిది భుజం ఎముకకు తగిలి ముక్కలవుతుంది. మెత్తటి మొనదే తీసుకోండి. జింక పక్కకు తిరిగి నిలబడ్డాక, ముందు కాలి వెనక, ఒంటి ఎత్తులో కింద నుంచి మూడో వంతు దగ్గర గురిపెట్టండి. ఎనిమిది అంగుళాల పళ్లెంలో వరసగా గుండ్లు పడే దూరమే మీ హద్దు.